గోదావరి ఎక్స్‌ప్రెస్‌లు ఎన్ని? ఈఆర్ మోడలింగ్ మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

డేటాబేస్ పాఠం అనగానే పుస్తకాల్లో ఒక కాలేజీ ప్రత్యక్షమవుతుంది. విద్యార్థి, కోర్సు, అధ్యాపకుడు. విద్యార్థి కోర్సులో చేరతాడు, అధ్యాపకుడు కోర్సు చెబుతాడు. మూడు పెట్టెలు, రెండు గీతలు, అయిదు మార్కులు. పరీక్షకు అంతకన్నా అక్కర్లేదు. కాని ఆ ఉదాహరణలో ఎక్కడా చిక్కు రాదు. చిక్కు రానిచోట ఈఆర్ మోడలింగ్, అంటే డేటాబేస్ కట్టేముందు ఎంటిటీలను (వస్తువులను), రిలేషన్‌షిప్‌లను (వాటి సంబంధాలను) బొమ్మగా గీసుకునే పద్ధతి, ఎందుకు పుట్టిందో అర్థం కాదు. అందుకని ఈరోజు ఆ కాలేజీని వదిలేసి రైలెక్కుదాం. విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్, నంబరు 12727. మీలో చాలామంది ఏదో ఒకసారి అందులో ప్రయాణించే ఉంటారు.

మనం గీయబోయేది రైల్వే వారి సాఫ్ట్‌వేర్ లోపలి నిర్మాణం కాదు. టికెట్టు మీద, చార్టు మీద మనందరికీ కనిపించేదాన్ని పట్టుకొని మనమే గీసుకునే బొమ్మ. అన్నట్టు, రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం 'క్రిస్' తయారుచేసిన 'కాన్సర్ట్' అనే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ 1994లో తొలిసారి అమలైంది మన సికింద్రాబాద్‌లోనే. కాబట్టి ఈ ఉదాహరణ మీద మనకు కాస్త హక్కు కూడా ఉంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. 1960లలో చార్లెస్ బాక్‌మన్ రికార్డుకూ రికార్డుకూ మధ్య బాణాలు వేసి, ఆ బాణాల వెంట నడుస్తూ సమాచారం వెతికే పద్ధతికి రూపమిచ్చారు. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్, బాణాలు వద్దు, అంతా టేబుళ్లలో పెడదాం అన్నారు. ఆ రెండు పక్షాల మధ్య కొన్నేళ్లపాటు గట్టి వాదనే నడిచింది. 1976లో, అప్పటికి ఎంఐటీలో ఉన్న పీటర్ చెన్ ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. డేటాబేస్ వ్యవస్థల మీద కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం కొత్తగా మొదలుపెట్టిన పత్రిక తొలి సంచికలోనే అది వచ్చింది. టేబులా, బాణమా అన్న తగవు తర్వాత తేల్చుకోవచ్చు, ముందు మన వ్యవహారంలో ఏయే వస్తువులున్నాయి, వాటి మధ్య ఏయే సంబంధాలున్నాయి అన్నది రాసుకుందాం అన్నది ఆయన వాదన. ఆ బొమ్మ సరిగ్గా ఉంటే దాన్ని టేబుళ్లుగానూ మార్చుకోవచ్చు, బాణాలుగానూ మార్చుకోవచ్చు. యాభై ఏళ్ల తర్వాత కూడా మనం దాని గురించి మాట్లాడుకోవడానికి కారణం ఇదే. ఆ బొమ్మ ఏ ఒక్క కంపెనీ డేటాబేస్‌కూ కట్టుబడి లేదు.

పరిభాష మూడే మాటలు. విడిగా గుర్తుపట్టగలిగి, దాని గురించి ఏదో ఒకటి రాసి దాచుకోవాలనిపించేది ఎంటిటీ. అది మనిషి కావచ్చు, వస్తువు కావచ్చు, జరిగిన సంగతి కావచ్చు. దాని గురించి రాసుకునే వివరం ఆట్రిబ్యూట్. రెండు ఎంటిటీలను కలిపేది రిలేషన్‌షిప్. ఎంటిటీకి దీర్ఘచతురస్రపు పెట్టె, రిలేషన్‌షిప్‌కు వజ్రాకారం, ఆట్రిబ్యూట్‌కు కోడిగుడ్డు ఆకారం. ఇదీ చెన్ పేరుతో చలామణి అయ్యే పద్ధతి. నామవాచకం ఎంటిటీ అవుతుంది, క్రియ రిలేషన్‌షిప్ అవుతుంది అని ఒక చిట్కా కూడా ఉంది. మొదటి గంటకు ఆ చిట్కా పనికొస్తుంది. ఆ తర్వాత దాన్నే నమ్ముకుంటే మునుగుతారు. 'ప్రయాణం' నామవాచకమా, క్రియా? 'రిజర్వేషన్' వస్తువా, సంబంధమా? వ్యాకరణం దీన్ని తేల్చదు. దాని గురించి మనం ఏమేం రాసుకోవాలి, అది ఇంకా దేనితో ముడిపడుతుంది అన్నదాన్ని బట్టి మనమే తేల్చుకోవాలి.

ఇక అసలు ప్రశ్న. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లు ఎన్ని?

(సభ నుంచి: ఒకటి. రెండు.)

రెండూ వినబడ్డాయి. ఒకటి అన్నవారు పేరును లెక్కపెట్టారు. రెండు అన్నవారు నంబర్లను లెక్కపెట్టారు. రావడానికి 12727, తిరిగి వెళ్లడానికి 12728. మూడో జవాబు ఎవరూ చెప్పలేదు. రోజుకొకటి. నిన్న సాయంత్రం విశాఖలో బయలుదేరిన బండి వేరు, ఈరోజు సాయంత్రం బయలుదేరేది వేరు. నిన్నటిది గంటన్నర ఆలస్యం కావచ్చు, ఈరోజుది సరైన సమయానికి రావచ్చు. నిన్నటిదానిలో 23వ బెర్తు ఒకరిది, ఈరోజు మరొకరిది.

మూడు జవాబులూ సరైనవే. కాని మూడూ మూడు వేర్వేరు ఎంటిటీల గురించిన జవాబులు. డేటాబేస్ డిజైన్‌లో నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. టేబుల్ పేరు 'రైలు' అని పెట్టేస్తారు. ఆ టేబుల్లో ఒక వరుస అంటే ఏమిటో, దేన్ని ఒకటిగా లెక్కపెడుతున్నారో ఎవరూ అడగరు. బయలుదేరే సమయం, ఈరోజు ఎంత ఆలస్యం, మొత్తం బెర్తులు, ఖాళీ బెర్తులు, అన్నీ ఆ ఒక్క వరుసలోనే దూరుస్తారు. రెండో రోజు వచ్చేసరికి మొదటి రోజు సమాచారం చెరిగిపోతుంది. అందుకే పెట్టె గీసిన ప్రతిసారీ దాని పక్కన ఒక వాక్యం రాయమంటాను: "ఇందులో ఒకటి అంటే ఇది." వాక్యం రాయలేకపోతే పెట్టె ఇంకా తయారు కానట్టు.

మన బొమ్మలో రెండు పెట్టెలు వేద్దాం. ఒకటి 'రైలు': టైంటేబుల్లో ఒక నంబరు ఉంటే ఒక రైలు. రెండోది 'ట్రిప్పు': ఆ నంబరు బండి ఒక తేదీన మొదటి స్టేషన్ నుంచి బయలుదేరితే ఒక ట్రిప్పు. రైలుకు ట్రిప్పులు అనేకం, ట్రిప్పుకు రైలు ఒక్కటే. దీన్ని కార్డినాలిటీ అంటాం. ఇక్కడ ఒకటికి అనేకం. ఎక్కువలో ఎక్కువ ఎన్ని అన్నది అందరూ రాస్తారు, తక్కువలో తక్కువ ఎన్ని అన్నది మరచిపోతారు. రైలు ప్రకటించారు కాని ఇంకా నడవలేదు అనుకోండి, దానికి ట్రిప్పులు సున్నా. అది కుదురుతుంది. రైలు నంబరు లేని ట్రిప్పు కుదరదు. కాబట్టి రైలు వైపు నుంచి ఈ సంబంధం ఐచ్ఛికం, ట్రిప్పు వైపు నుంచి తప్పనిసరి. ఈ రెండు మాటలూ రేపు మీ ప్రోగ్రాములో ఏ గడి ఖాళీగా ఉండొచ్చు, ఏది ఉండకూడదు అన్నదాన్ని నిర్ణయిస్తాయి.

ఈ విభజన ఎంత అవసరమో వరంగల్ వారిని అడగండి. గోదావరి సాయంత్రం విశాఖలో బయలుదేరి వరంగల్ చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పద్నాలుగో తేదీ విశాఖలో బయలుదేరిన బండిని వరంగల్‌లో ఎక్కేవారు పదిహేనో తేదీన ఎక్కుతారు. ఇప్పుడు 'ప్రయాణ తేదీ' అంటే ఏది? బండికి ఒక తేదీ ఉంది, ఎక్కే మనిషికి ఒక తేదీ ఉంది. డిజైన్‌లో 'తేదీ' అని ఒక్క గడి పెట్టి వదిలేస్తే, ఒక ఉద్యోగి దాన్ని బండి తేదీ అనుకుంటాడు, మరొకరు ఎక్కే తేదీ అనుకుంటారు, అర్ధరాత్రి ప్లాట్‌ఫారం మీద కుటుంబమంతా నిలబడి ఉంటుంది, టికెట్టు మాత్రం రేపటిది అయి ఉంటుంది.

దీనికి మందు 'స్టేషన్' అనే మూడో పెట్టె వేస్తే దొరుకుతుంది. రైలు అనేక స్టేషన్లలో ఆగుతుంది, స్టేషన్‌లో అనేక రైళ్లు ఆగుతాయి. అనేకానికి అనేకం. మధ్యలో వజ్రాకారం పెట్టి 'ఆగుతుంది' అని రాస్తాం. ఇప్పుడు చెప్పండి, చేరే సమయం ఎవరి ఆట్రిబ్యూట్? రైలుదా? రైలుకు అది స్టేషన్‌కొక్కటి. స్టేషన్‌దా? స్టేషన్‌కు అది రైలుకొక్కటి. రెండింటిదీ కాదు, ఆ ఆగడానిది. సంబంధానికే సొంత వివరాలు ఉంటాయన్న సంగతి మొదటిసారి అర్థమయ్యే చోటు ఇదే. చేరే సమయం, కదిలే సమయం, మొదటి స్టేషన్ నుంచి దూరం, ఇంకా ప్రయాణంలో ఎన్నో రోజు అన్నది. సామర్లకోటకు 1, వరంగల్‌కు 2. ఈ చిన్న అంకె ఉంటే, ట్రిప్పు తేదీకి దాన్ని బట్టి రోజులు కలిపి ఎక్కే తేదీని ఎప్పటికప్పుడు లెక్కగట్టవచ్చు. అలా లెక్కగట్టగలిగేవాటిని డిరైవ్డ్ ఆట్రిబ్యూట్లు అంటాం. బొమ్మలో చుక్కల గీతతో చూపిస్తాం.

ఇన్ని వివరాలు మోసే సంబంధానికి నేను పేరు పెట్టి పెట్టెగా మార్చేస్తాను: 'హాల్టు'. ఒక రైలు టైంటేబుల్లో ఒక వరుస అంటే ఒక హాల్టు. కొందరు అధ్యాపకులకు ఇది నచ్చదు, వజ్రాకారం వజ్రాకారంగానే ఉండాలంటారు. నా అభిప్రాయంలో, జనం నోట పేరు పడిన సంబంధం ఎంటిటీ అయిపోయినట్టే. స్టేషన్ మాస్టరు హాల్టు అంటాడు, ప్రయాణికుడు హాల్టు అంటాడు, మన బొమ్మ ఒక్కటే దానికి పేరు లేదంటే ఎలా?

ఇప్పుడు కీల సంగతి. ఒకదాన్ని మరొకదాని నుంచి విడదీసి గుర్తుపట్టేది కీ. స్టేషన్‌కు పేరు కీ అవుతుందా? రాజమండ్రి రాజమహేంద్రవరం అయింది. బెజవాడ ఎప్పుడో విజయవాడ అయింది. కాని రైల్వే వారి స్టేషన్ కోడ్ ఇప్పటికీ బీజెడ్ఏ. ఊరు పేరు మారినా ఆ మూడక్షరాల్లో బెజవాడ అలాగే కూర్చుంది. కొందరికి అది పాతబడిన గుర్తుగా కనిపిస్తుంది. డేటాబేస్ మనిషికి మాత్రం ముచ్చటేస్తుంది, ఎందుకంటే కీ చేయాల్సిన పని మారకుండా ఉండటమే. ఊరి చరిత్రను మోయడం దాని పని కాదు.

మరి రైలు నంబరు? అది మారదా? మారింది. 2010 డిసెంబరులో నాలుగంకెల నంబర్లన్నీ అయిదంకెలయ్యాయి. 2727 కాస్తా 12727 అయింది. నంబరునే కీగా పెట్టుకొని వంద చోట్ల వాడుకున్న వ్యవస్థ ఏదైనా ఉంటే, ఆ వంద చోట్లా దాన్ని మార్చాలి. అందుకే చాలామంది డిజైనర్లు బయట ఎవరికీ కనబడని ఒక సొంత సంఖ్యను కీగా ఇచ్చుకొని, రైలు నంబరును 'రెండు రైళ్లకు ఒకటే ఉండకూడదు' అన్న నియమంతో మామూలు ఆట్రిబ్యూట్‌గా ఉంచుతారు. నేనూ అదే చేస్తాను. అయితే సొంత సంఖ్య ఇచ్చేశాం కదా అని ఆ నియమం రాయడం మానేస్తే, ఒకే రైలు రెండు వరుసల్లో చేరి కూర్చుంటుంది.

ఇంకో చిన్న సంగతి. సంక్రాంతికి వేసే ప్రత్యేక రైళ్ల నంబర్లు సున్నాతో మొదలవుతాయి. రైలు నంబరును సంఖ్యగా నిల్వ చేశారనుకోండి, ముందున్న సున్నా మాయం. దేన్ని కూడటం, తీసివేయడం చేయబోమో దాన్ని సంఖ్య అనుకోకండి. అంకెలతో రాసిన పేరు అనుకోండి.

టికెట్టు దగ్గరకు వద్దాం. పది అంకెల పీఎన్‌ఆర్. ఒక పీఎన్‌ఆర్ కింద మామూలుగా ఆరుగురి వరకు ఉండొచ్చు. ఆ ఆరుగురూ ఎవరు? ఒకటో ప్రయాణికుడు, రెండో ప్రయాణికుడు, అంతే. 'రెండో ప్రయాణికుడు' అని విడిగా అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఏ పీఎన్‌ఆర్‌లో రెండు అని చెప్పాలి. ఇలా సొంతంగా గుర్తింపు లేక మరో ఎంటిటీని ఆనుకొని బతికేదాన్ని వీక్ ఎంటిటీ అంటాం. రెండు గీతల పెట్టెతో చూపిస్తాం. దాని కీ పీఎన్‌ఆర్, వరుస సంఖ్య కలిపి.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ప్రయాణికుడు అంటే మనిషి కాదు. ఒకే మనిషి ఈ నెలలో మూడుసార్లు టికెట్టు కొంటే మన బొమ్మలో ముగ్గురు ప్రయాణికులు. కౌంటరులో టికెట్టు కొన్నప్పుడు రిజర్వేషన్ ఫారంలో పేరు, వయసు రాస్తాం. ఆ రెండింటితో మనిషిని గుర్తుపట్టలేం. మీరు 'మనిషి' అనే పెట్టె కూడా పెట్టుకుంటే, ఈయన ఏడాదిలో ఎన్నిసార్లు ప్రయాణించారు అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పెట్టుకోకపోతే దొరకదు, ఎంత గొప్ప ప్రోగ్రామరు వచ్చినా దొరకదు. బొమ్మ గీసేటప్పుడే కొన్ని ప్రశ్నలకు తలుపు తెరుస్తాం, కొన్నింటికి మూస్తాం. ప్రతి పెట్టె వెనకా సేకరణ ఖర్చు కూడా ఉంటుంది. 'మనిషి' పెట్టె కావాలంటే కౌంటరులో ప్రతి ఒక్కరి గుర్తింపూ అడిగి, సరిచూసి, భద్రంగా దాచాలి. ఆ క్యూ ఎంత పొడుగవుతుందో ఊహించుకోండి.

వయసు గురించి పుస్తకాలు ఏం చెబుతాయి? వయసు దాచవద్దు, పుట్టిన తేదీ దాచి వయసును లెక్కగట్టు అంటాయి. మనిషి అనే ఎంటిటీకి అది నూటికి నూరుపాళ్లు నిజం. కాని మన పెట్టె మనిషిది కాదు, ప్రయాణికుడిది. ఆ ప్రయాణానికి, ఆ ఫారంలో చెప్పిన వయసు అది. రెండేళ్ల తర్వాత చూసినా ఆ టికెట్టు మీద 34 అనే ఉండాలి, 36 కాకూడదు. కాబట్టి ఇక్కడ వయసు దాచడమే సరి. సూత్రం తప్పు కాదు, అది వర్తించే ఎంటిటీ వేరు.

బెర్తుల దగ్గర బొమ్మకు అసలు పరీక్ష. కొత్తవారిని అడిగితే ప్రయాణికుడికీ బెర్తుకూ ఒకటికి ఒకటి అని చటుక్కున గీత గీసేస్తారు. చూద్దాం. వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి బెర్తు లేదు. అంటే ప్రయాణికుడి వైపు నుంచి సున్నా లేదా ఒకటి. ఇక బెర్తు వైపు నుంచి: ఆర్‌ఏసీలో ఒక సైడ్ లోయర్ మీద ఇద్దరు కూర్చుంటారు. కాబట్టి ఒకటి కాదు. అంతటితో అయిపోలేదు. విశాఖలో ఎక్కినవారు విజయవాడలో దిగిపోతే, అదే బెర్తును విజయవాడ నుంచి హైదరాబాద్ వరకు మరొకరికి ఇవ్వవచ్చు. ఒకే రాత్రి, ఒకే బెర్తు, ఒకరి తర్వాత ఒకరు. కాబట్టి ఈ సంబంధానికి కూడా సొంత వివరాలున్నాయి: ఏ హాల్టులో ఎక్కడం, ఏ హాల్టులో దిగడం. దాన్ని కూడా పెట్టెగా మార్చి 'కేటాయింపు' అందాం. ఒక ప్రయాణికుడికి ఒక ట్రిప్పులో ఒక బెర్తును ఒక హాల్టు నుంచి మరో హాల్టు వరకు ఇస్తే ఒక కేటాయింపు.

ఆర్‌ఏసీ కాని ఇద్దరికి ఒకే బెర్తు ఒకే దూరంలో దక్కకూడదు కదా? ఒకరిది విశాఖ నుంచి ఖమ్మం, మరొకరిది విజయవాడ నుంచి హైదరాబాద్ అయితే మధ్యలో ఇద్దరూ తగవులాడుకుంటారు. ఈ నియమాన్ని మన బొమ్మలో ఎక్కడ గీయాలి? ఎక్కడా గీయలేం. ఈఆర్ బొమ్మకు 'ఎన్ని' అని చెప్పడం వచ్చు, 'ఒకదాని మీద ఒకటి పడకూడదు' అని చెప్పడం రాదు. అది పక్కన వాక్యంగా రాయాలి, తర్వాత ప్రోగ్రాములోనో డేటాబేస్ నియమంగానో అమలు చేయాలి. బొమ్మలో పట్టనివాటి జాబితా బొమ్మతోపాటే ఉండాలి. అది లేని డిజైన్ పత్రాన్ని నేను ఆమోదించను.

టేబుళ్లుగా మార్చడం ఇక యాంత్రికమే, తొందరగా చెప్పేస్తాను. ప్రతి పెట్టె ఒక టేబుల్. ఒకటికి అనేకం అయితే అనేకం ఉన్నవైపు టేబుల్లో అవతలిదాని కీ వేస్తాం, అది ఫారిన్ కీ. ట్రిప్పు టేబుల్లో రైలు కీ ఉంటుంది, రైలు టేబుల్లో ట్రిప్పుల జాబితా ఉండదు. అనేకానికి అనేకం అయితే మధ్యలో కొత్త టేబుల్. మనం ముందే హాల్టును పెట్టెగా మార్చేశాం కాబట్టి ఆ పని అయిపోయింది. వీక్ ఎంటిటీకి యజమాని కీని కూడా కలిపి కీ ఇస్తాం. ఈ నాలుగు మాటలూ పని నడిపిస్తాయి. బొమ్మ దగ్గర గంట ఎక్కువ గడిపితే ఇక్కడ పది నిమిషాలు చాలు.

ప్రశ్నలు తీసుకుంటాను.

(ప్రశ్న: ఆఫీసుల్లో వజ్రాకారాలు కనబడవు, గీతల చివర మూడు వేళ్లలా ఉంటుంది. అది వేరే పద్ధతా?)

అదే ఆలోచన, వేరే గీత. కాకిపాదం అంటారు. మూడు వేళ్లున్నవైపు అనేకం, చిన్న అడ్డగీత ఉంటే ఒకటి, సున్నా చుట్టితే ఐచ్ఛికం. కాగితం మీద చోటు తక్కువ పడుతుంది కాబట్టి ఉద్యోగాల్లో అదే ఎక్కువ. నేర్చుకునేటప్పుడు చెన్ బొమ్మ మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వజ్రాకారంలో ఒక క్రియ రాయక తప్పదు. కాకిపాదంలో గీత గీసి పేరు పెట్టకుండా తప్పించుకోవచ్చు. చాలామంది తప్పించుకుంటారు.

(ప్రశ్న: బోగీ గురించి చెప్పలేదు. ఎస్4 బోగీ రైలుకు చెందుతుందా, ట్రిప్పుకు చెందుతుందా?)

మంచి ప్రశ్న. దీన్ని మీ ఇంటిపనిగా వదిలేద్దామనుకున్నాను. రద్దీ రోజున అదనపు బోగీ తగిలిస్తారు, కాబట్టి బోగీ రైలుది కాదు, ట్రిప్పుదే. 'ఆ ట్రిప్పులో ఎస్4' ఒక వీక్ ఎంటిటీ, అందులో 23వ బెర్తు దాన్ని ఆనుకున్న మరో వీక్ ఎంటిటీ. అయితే ఎన్ని బెర్తులు? పాత ఐసీఎఫ్ రకం స్లీపర్‌లో 72, ఎల్‌హెచ్‌బీ రకంలో 80. కాబట్టి 'బోగీ రకం' అనే పెట్టె ఇంకొకటి కావాలి. ఎల్‌హెచ్‌బీ అనుకొని టికెట్లు ఇచ్చాక ఆ రోజు ఐసీఎఫ్ తగిలిస్తే 73 నుంచి 80 వరకు ఉన్నవారి గతేమిటన్నది కూడా మీ వాక్యాల జాబితాలో రాసుకోండి.

ఇంకో మెలిక ఉంది. ఎస్4 అన్నది ఆ రోజుకు తగిలించిన పలక. దాని వెనక ఉన్న ఇనుప బోగీకి సొంత నంబరు ఉంటుంది, పక్కన పెద్ద అంకెలతో రాసి ఉంటుంది. మొదటి రెండు అంకెలు అది తయారైన సంవత్సరం. ఆ ఇనుప బోగీ ఈరోజు ఎస్4, రేపు మరో రైలులో ఎస్7 కావచ్చు. రిజర్వేషన్ బొమ్మకు ఆ నంబరుతో పని లేదు, ఆ పెట్టె వేయకండి. లాలాగూడ వర్క్‌షాపులో మరమ్మతుల లెక్కలు రాసేవారికి మాత్రం కావలసింది అదే. ఏ బోగీ ఎప్పుడు వచ్చింది, చక్రాలు ఎప్పుడు మార్చారు అన్నది వారి బొమ్మ. అందులో ఎస్4 ఉండదు, పీఎన్‌ఆర్ ఉండదు, ప్రయాణికుడూ ఉండడు.